వెలిసిన సోఫా పక్కన

బావ ఇంటి హాల్లో అడుగు పెట్టినప్పుడల్లా ఆమెకు ఒక ఇంట్లోకి వచ్చినట్టు ఉండేది కాదు, అమ్మకానికి పెట్టిన సామాన్ల మధ్యకు వచ్చినట్టుండేది. సోఫాలూ పరదాలూ అమ్మే మనిషి ఇల్లు అలా కాక ఇంకెలా ఉంటుంది? కూర్చునే సోఫాకు తొడుగు, ఆ తొడుగు మాయకుండా దాని మీద ఇంకో గుడ్డ. కిటికీలకు రెండేసి పొరల మందపాటి పరదాలు, అవీ ఎప్పుడూ మూసే ఉంటాయి. పట్టపగలు తలుపు తీసుకుని వచ్చినవాళ్లకు కాసేపు ఎదుటి మనిషి మొహం ఆనదు. ఎండ తగిలితే బట్ట వెలిసిపోతుందన్నది ఆయన పుట్టి బుద్ధెరిగాక నేర్చుకున్న ఒకే ఒక్క సంగతని, దాని మీదే బతుకు బండి లాగించేస్తున్నాడని ఆమె గట్టి నమ్మకం.

ఆమెను ఇంట్లో అందరూ సూది అనేవారు. చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు. సన్నగా ఉండేది కాబట్టి పెట్టానని అక్క బుకాయించేది గానీ, అసలు కారణం ఆ నోరేనని తెలియనివాళ్లు లేరు. కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షించి అద్దాలు బిగించడం ఆమె పని. కనపడని అక్షరాన్ని కూడా కనపడుతోందని దబాయించే మనుషులతో పొద్దస్తమానం వేగీ వేగీ, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మని అలవాటు పడింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు, "మా బావని దగ్గరనుంచి చూశాక ఆ సరదా తీరిపోయింది" అని చెప్పేది, బావ పక్కన ఉండగానే. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. గుచ్చిన సూది దిగకపోతే గుచ్చినవాళ్లకే కదా బాధ. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

అక్క పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. అక్క వదిలి వెళ్లిన వాటిలో ప్రాణమున్నది ఒక్కటే, ఒక మొక్క. ఎక్కడో వానలు విడవని అడవుల్లో పెద్ద చెట్ల బోదెలు పట్టుకుని పైకి పాకే జాతి. అరచేతిలో పట్టే కుండీతో తెచ్చి, మనిషెత్తు చేసింది అక్క. పళ్లేలంత ఆకులు, వాటి అంచులకు చీలికలు, నడుమ చిల్లులు. దానికేదో నోరు తిరగని పేరు ఉంది. ఇంట్లో మాత్రం చిల్లులాకు అనేవారు. పడకగది కిటికీ పక్కన ఉండేది. అక్క మంచం పట్టాక ఇక దాన్ని చూస్తూనే రోజులు గడిపింది.

ఆమె పోయిన కొన్నాళ్లకే ఆ కిటికీకి అడ్డంగా పక్క స్థలంలో మేడ లేచింది. ఇప్పుడు కిటికీ తెరిస్తే సిమెంటు గోడ. బావ మొక్కను హాల్లోకి మార్చాడు. ఎక్కడ పెట్టాడంటే, వెలుగనేది దారి తప్పి కూడా రాని లోపలి గోడ దగ్గర, అక్క ఫొటో కింద. ఫొటో పైన ఒక పసుపుపచ్చ బల్బు బిగించాడు. అటు ఫొటో, ఇటు మొక్క, నడుమ తను. వచ్చినవాళ్లు చూసి తరించిపోయేవారు. "భార్య పెంచిన మొక్కని ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో" అనేవారు. దుకాణంలో సరుకు సర్దినట్టు దుఃఖాన్ని కూడా సర్దిపెట్టాడని సూది లోలోపల పళ్లు నూరుకునేది.

ఒకసారి ఆమె వెళ్లేసరికి బావగారి అక్క కూడా ఉంది. ఆవిడ తమ్ముణ్ణి చూసి పోవడానికి తరచూ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఫొటో ముందు నిలబడి కళ్లు ఒత్తుకుంటుంది, ఆ వెంటనే టీ అడుగుతుంది.

సూది మొక్క కాడను వేళ్లతో పట్టుకుని చూసింది. మట్టిలో వేలు గుచ్చింది. బురద.

"బావా, ఇది చచ్చిపోతోంది."

"నీ నోట ఒక్క మంచి మాట రాదా? ఎంత పొడుగయిందో చూడు."

"అది ఎదగడం కాదు, వెలుగెక్కడుందో అని మెడ సాచడం. ఆకుకీ ఆకుకీ మధ్య ఎంత ఖాళీ వచ్చిందో చూశారా? కొత్తగా వేసిన ఆకుకి ఒక్క చిల్లన్నా పడిందా? వెలుగు లేకపోతే నీళ్లు తాగదు. తాగని నీళ్లు రోజూ పోస్తుంటే వేళ్లు కుళ్లిపోతాయి."

"పైన బల్బుంది కదే. పొద్దున వేస్తే పడుకునేదాకా ఆర్పను. దానికున్న వెలుగు నాకు కూడా లేదు."

"ఆ బల్బు ఫొటోకి. ఫొటోకి తిండి అక్కర్లేదు."

బావగారి అక్క టీ గ్లాసు కింద పెట్టింది. "మనకి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి కదమ్మా. మనుషులకి చాలిన వెలుగు మొక్కకి చాలదా? నువ్వు మరీ చోద్యం చెబుతావు."

"వదినా, చీకట్లోకి రాగానే మన కంటిపాప పెద్దదవుతుంది. అందిన కాస్త వెలుగునే దండుకుంటుంది. కాసేపటికి చీకటి కూడా మనకి బాగానే ఉందనిపిస్తుంది. మొక్కకి కంటిపాప లేదు. దాని మీద పడిందే దానికి కూడు." సూది బల్బు ఆర్పి, తన అరచేతిని ఆకుకి ఎదురుగా చాపి పట్టింది. "నీడ ఎక్కడన్నా పడిందేమో చూసి చెప్పండి."

నీడ పడలేదు. చెయ్యి ఎటు తిప్పినా ఆకు మీద ఏ మార్పూ లేదు.

"చెయ్యి నీడ కూడా పడని చోట మొక్క పెట్టడమంటే, అన్నం వాసన కూడా రాని గదిలో మనిషిని పెట్టి తాళం వేయడమే. ఆ పరదాలు తీయండి."

"పరదాలు తీస్తే సోఫాలు..." అని మొదలుపెట్టాడు బావ.

"మీకు సోఫాలుంటే చాలు లెండి" అని ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

కొన్ని వారాలు అటు తొంగి చూడలేదు. మళ్లీ వెళ్లిన రోజు తలుపు తీయగానే ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. చిల్లులాకు నిండుగా ఉంది. పైనుంచి కింది దాకా ముదురాకుపచ్చని ఆకులు, ఒక్కో ఆకుకీ కత్తిరించినట్టు చీలికలు. బోసిపోయిన కాడ ఎక్కడా కనిపించడం లేదు. ఒక్క క్షణం ఆమె తన నోటిని తనే తిట్టుకుంది. అనవసరంగా మనిషిని అన్ని మాటలన్నానే, పాపం ఏదో చేసి బతికించుకున్నాడే అనుకుంటూ దగ్గరికి వెళ్లి ఒక ఆకును నిమిరింది.

ప్లాస్టిక్కు.

పక్క ఆకు పట్టుకుంది. అదీ అంతే. వాటిని సన్నని ఇనుప తీగతో అసలు కాడకి చుట్టి బిగించారు. దుకాణంలో సోఫాల పక్కన అందానికి పెట్టే సరుకు. వాటి వెనకాల, వాటి నీడలో, నిజం ఆకులు నాలుగైదు పసుపుబారి వేలాడుతున్నాయి. ఉన్న ఆ చారెడు వెలుగుని కూడా ప్లాస్టిక్కు తినేస్తోంది.

బావ వంటింట్లోంచి వచ్చి, ఆమె మొహం చూసి, అక్కడే ఆగిపోయాడు.

"బావగారూ" అంది సూది. ఆమె గారు తగిలించిందంటే కోపం హద్దు దాటిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "అక్కకి ఒంట్లో బాగోలేనప్పుడు కూడా ఇలాగే చేశారా? మొహానికి రంగు పూసి, బాగానే ఉందని చెప్పారా?"

ఆయన నవ్వలేదు. ఆమె అన్న మాటలకి ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆమె మాత్రం దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు. తీగలు ఊడబీకి, ప్లాస్టిక్ ఆకులన్నీ సోఫా మీదికి విసిరికొట్టింది. కిందికి వెళ్లి, బావ దుకాణం వ్యాను డ్రైవర్నే కేకేసి పైకి తీసుకొచ్చింది. అతను ఏమీ తోచక బావ వైపు చూశాడు. బావ తల ఊపాడు. కుండీని డ్రైవరూ ఆమే పట్టుకుని మెట్లు దించి వ్యానులో ఎక్కించారు.

సూది ఉండేది పై అంతస్తులో ఒంటి గది ఇల్లు. ముందు బాల్కనీ, వెనక వంటిల్లు, మధ్యలో మంచం. బాల్కనీకి అడ్డం ఏమీ లేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఎండ నిప్పులు కురుస్తుంది. ఆమె కుండీని తీసుకెళ్లి సరిగ్గా దాని నడుమన పెట్టింది. "తీసుకోవే, కడుపు నిండా తీసుకో" అంది మొక్కతో. బావ మొహం మీద తలుపు వేసినంత తృప్తిగా ఉంది ఆమెకి. ఆ సాయంత్రం కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేవాళ్లందరికీ ప్లాస్టిక్ ఆకుల కథ అభినయించి మరీ చెప్పింది. అందరూ పడీపడీ నవ్వారు. ఒకావిడైతే మళ్లీ చెప్పమంది.

వారం తిరక్కుండానే ఆకుల మీద తెల్లని మచ్చలు లేచాయి. ముట్టుకుంటే కాగితంలా గరగరమన్నాయి. ఆ తర్వాత మచ్చల అంచులు గోధుమరంగుకి తిరిగి, నడిమధ్య చిరుగులు పడ్డాయి. సూది మొదట పురుగన్నది. తర్వాత బావ పోసిన నీళ్ల పాపం ఇప్పుడు బయటపడుతోందన్నది. ఆయన చేసిన నిర్వాకం ఆయన లేని చోట కూడా పని చేస్తోందని ఇరుగుపొరుగుకి చెప్పింది. మొక్కను మాత్రం అంగుళం కూడా జరపలేదు. జరిపితే తను తప్పు చేసినట్టు అవుతుంది కదా.

దుకాణంలో పక్క గదిలో కంటి డాక్టరు కూర్చుంటారు. లోపలి పరీక్షకని కంట్లో చుక్కలు వేయించుకున్న ఒకావిడ, ఆ రోజు తొందర పడి తలుపు తీసుకుని వీధిలోకి అడుగు వేయబోయింది. సూది బల్ల వెనకనుంచి ఒక్క ఉదుటున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికండీ? మీ కంటిపాపలు పెద్దవై ఉన్నాయి. ఇలాగే ఎండలోకి వెళ్తే తట్టుకోలేరు. నల్లద్దాలు పెట్టుకుని, నెమ్మదిగా, నీడ పట్టున వెళ్లాలి. మీకెవరూ చెప్పలేదా?"

అదే మాట రోజుకి ఎంతమందికి చెబుతుందో ఆమెకే లెక్క లేదు. ఆ రోజు మాత్రం అది నోట్లోంచి బయటికొచ్చి, చెవిలో పడి, అక్కడే ఇరుక్కుంది. నెలల తరబడి చీకట్లో మగ్గినదాన్ని తీసుకెళ్లి ఒక్కసారిగా మండుటెండలో నిలబెట్టింది ఎవరు? అడవిలో పుట్టినా పెద్ద చెట్ల నీడన, ఆకుల సందుల్లోంచి జల్లెడ పట్టి రాలే వెలుగులో బతికే జాతి అది. ఆ సంగతి మొక్క తెచ్చినప్పుడే అక్క చెప్పింది. బావకి తెలియదంటే అర్థం ఉంది. అన్నీ తెలిసిన తను, బావ మీద కసి మొక్క మీద తీర్చుకుంది. ఇన్నాళ్లూ ఆయన మీద ఉమ్మిన మాటలన్నీ వెనక్కి తిరిగి తన మొహాన పడ్డట్టయింది. తల కొట్టేసినట్టయి, చూపు పరీక్షకి వచ్చిన ఒక ముసలాయనకి అక్షరాల పలక తలకిందులుగా తగిలించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మెట్ల మీద బావ కూర్చుని ఆయాసపడుతున్నాడు. చేతిలో కుండీ కింద పెట్టే పళ్లెం. "ఇది మర్చిపోయి వచ్చావు" అన్నాడు. పళ్లెం కోసం అంత దూరం, అన్ని మెట్లు ఎక్కి రావడం ఆయన ఒంటికి చిన్న పని కాదు.

తలుపు తీయక తప్పలేదు. ఆయన నేరుగా బాల్కనీలోకి వెళ్లాడు. కాలిన ఆకులను ఒక్కొక్కటే పైకెత్తి చూశాడు. సూది గడప దగ్గరే నిలబడిపోయింది. ఆయన ఏమంటాడో, దానికి తను ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. ఆయన ఇంకో ఆకు పైకెత్తేసరికి ఉండబట్టలేక, "తిట్టండి" అంది.

"ఏముంది తిట్టడానికి? నేను నానబెట్టి చంపుతుంటే నువ్వు ఎండబెట్టి చంపుతున్నావు. మీ అక్క ఉంటే మనిద్దరినీ చెరో కుండీలో పాతి పెట్టేది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

ఆయన మొక్కవైపే చూస్తూ అన్నాడు, "ఆ ప్లాస్టిక్కు వచ్చేవాళ్లకోసం పెట్టాననుకున్నావు కదూ? ఇప్పుడు వచ్చేవాళ్లెవరు, మా అక్క తప్ప. ఆవిడకి ఫొటో తప్ప ఏదీ కనపడదు. నేను అక్కడే పడుకుంటాను సూదీ, ఆ హాల్లోనే. గదిలో పడుకోలేక. పొద్దున్నే కళ్లు తెరిస్తే ఎదురుగా అదే. రోజుకో ఆకు పండిపోతుంటే చూడలేకపోయాను. దుకాణంలోంచి నాలుగాకులు తెచ్చి తగిలించుకున్నాను. నీళ్లా? మీ అక్క రోజూ ఏదో పోస్తుండేది, నేనూ పోశాను."

సూది గడప దిగి ఆయన పక్కకి వచ్చి నిలబడింది. అయినా సరే ఊరుకుంటే ఆమె సూది ఎలా అవుతుంది? "చూడలేకపోతే పరదా తీయాలి, ప్లాస్టిక్కు తగిలిస్తారా ఎవరైనా? ఎంత తెలివండీ మీది!"

"నా తెలివి అలాగే ఏడిసింది గానీ, నీ ఇంట్లో మాత్రం దీనికి చోటు ఎక్కడుంది? బయట పొయ్యి, లోపల గుహ. పద, ఇంటికి తీసుకుపోదాం."

మర్నాడు సెలవు రోజు. పొద్దెక్కకముందే వ్యానులో మొక్క వెనక్కి వెళ్లింది. హాల్లో కుండీ దించాక, ఎక్కడ పెట్టాలన్న దగ్గర మళ్లీ మొదలైంది. కిటికీకి ఆనించి పెట్టాలంది సూది. మళ్లీ కాలుతుందన్నాడు బావ. మీకేం తెలుసు అని ఆమె నోరు తెరవబోతుంటే, ఆయన కిటికీ వైపున్న సోఫా దగ్గరికి వెళ్లి దాని మీది గుడ్డా తొడుగూ లాగేశాడు. ఆ సోఫా మీద గుడ్డ తీయగా ఆమె ఎన్నడూ చూడలేదు.

ముదురు ఎరుపు సోఫా. కిటికీ వైపు చెయ్యి మాత్రం పాలిపోయి, ఉతికి ఉతికి పాతబడ్డ చీరలా ఉంది. ఆ పాలిపోయిన మేర కొంత దూరం పాకి, గీత గీసినట్టు ఆగింది. గీత అవతల రంగు చెక్కుచెదరలేదు.

"ఇది మీ అక్క పని" అన్నాడు బావ. "నేను దుకాణానికి వెళ్లగానే పరదా, ఈ తొడుగూ తీసేసేది. మధ్యాహ్నం ఇక్కడే కూర్చునేది. నేనొచ్చే వేళకి మళ్లీ మూసేది, ఏమీ ఎరగనట్టు. నాకు తెలియదనుకునేది. సోఫా చెప్పేసేది నాకు. ఈ పాలిపోయిన మేరంతా ఎండ నేరుగా పడుతుంది. ఈ గీత దాటాక ఎండ రాదు, వెలుగు మాత్రం బోలెడు. గుడ్డ ఎక్కడ వెలుస్తుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆమెకు ఆ మాట నచ్చలేదు, నిజం కాబట్టి. వెళ్లి మందపాటి పరదాలు రెండూ కడ్డీ పొడవునా పక్కకి లాగింది. దుమ్ము లేచింది. ఇద్దరూ తుమ్మారు. గీతకి అవతల, సోఫాకి రెండో చివర, కుండీ పెట్టారు. సూది అరచెయ్యి చాపింది. ఆకు మీద నీడ పడింది, అంచులు కరిగిపోయినట్టు మెత్తగా. వేళ్లు వేళ్లలా ఉన్నాయి గానీ గీసినట్టు లేవు.

"ఇదీ కావలసింది" అంది. "నీడ నల్లగా, కత్తితో కోసినట్టు పడిందంటే కాలుతుంది. అసలు పడకపోతే మాడుతుంది, ఆకలితో."

"మరి ఎండాకాలంలో ఎండ ఈ గీత దాటి వస్తుంది కదా?"

ఆ ప్రశ్న ఆయన వేస్తాడని ఆమె అనుకోలేదు. ఆయనే దుకాణం నుంచి పల్చటి తెల్లటి బట్ట తెప్పించి కిటికీకి అడ్డంగా వేలాడదీశాడు. హాలు మొత్తం ఒక్కసారిగా తెల్లబారింది. తొడుగుల మీద మరకలు, మూలల్లో బూజు, బావ గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు, అన్నీ బయటపడ్డాయి. ఆయన సన్నబడ్డాడని కూడా ఆమెకి అప్పుడే కనిపించింది.

కాలిన ఆకులు మళ్లీ పచ్చబడవు. వాటిని కోసేసింది. బారుగా సాగిన కాడను కణుపు కింద కత్తిరించి, పై ముక్కను నీళ్లు పోసిన గాజు సీసాలో పెట్టి తన ఇంటికి తీసుకుపోయింది. నీళ్ల పెత్తనం మాత్రం బావ చేతిలోంచి లాగేసుకుంది. మట్టి వేలు లోతున ఎండితే తప్ప చుక్క పొయ్యొద్దని హుకుం జారీ చేసింది. ఆయన రోజూ వేలు గుచ్చి, ఫోన్ చేసి, తడిగా ఉందనో పొడిగా ఉందనో విన్నవించుకునేవాడు. ఆమె ప్రతిసారీ విసుక్కునేది. ఒకరోజు ఫోన్ రాకపోతే తనే చేసి, వేలుకేమైనా జ్వరం వచ్చిందా అని అడిగింది.

మొక్క తేరుకోవడానికి చాలా నెలలే పట్టింది. తేరుకుంది. ఇక అప్పట్నుంచి బావని పట్టడం ఎవరి తరమూ కాలేదు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, అరచెయ్యి చాపి, నీడ గురించి ఉపన్యాసం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయనే అడవుల్లో తిరిగి కనిపెట్టి వచ్చినట్టు! బావగారి అక్కయితే, "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఆ మూలనుంచి తీయండిరా అని" అంది, సూది మొహంలోకి చూస్తూ, రెప్ప కూడా వాల్చకుండా.

అది అక్కడితో ఆగినా బాగుండేది. ఒక సాయంత్రం పనినుంచి వస్తూ బావ దుకాణం ముందునుంచి నడిచింది. అద్దాల వెనక ఆ పల్చటి తెల్ల బట్ట జలపాతంలా వేలాడుతోంది. దాని పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు: మొక్కల పరదా. లోపల బావ, కొత్తగా కాపురం పెట్టిన ఒక జంటకి చెయ్యి చాపి చూపిస్తున్నాడు. "నీడ అంచు మెత్తగా కరగాలమ్మా, అదీ లెక్క" అంటున్నాడు. ఆ పిల్ల తన్మయత్వంతో తల ఊపుతోంది. పక్కనున్న మొగుడు అప్పటికే ఎన్ని మీటర్లు కావాలో వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాడు.

సూది తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. ఆ జంట వెళ్లేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది.

"సిగ్గు లేదండీ మీకు? అక్క పెంచిన మొక్కని కూడా సరుకు చేసేశారు."

"చేశాను" అన్నాడు బావ, ఏమాత్రం తడుముకోకుండా. "ఈ నెల్లో ఎంతమంది ఇళ్లల్లో పరదాలు తీయించానో తెలుసా? మీ అక్క బతికున్నంత కాలం నా ఒక్కడి చేత తీయించలేకపోయింది."

సూది బట్ట కొస పట్టుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. దీపానికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి, దాని గుండా చూసింది. తన ఇంట్లో సీసాలో వేసిన కాడకి తెల్లటి వేళ్లు వచ్చి చాలా రోజులయింది. ఇవాళో రేపో కుండీలోకి మార్చాలి. ఆ బాల్కనీ ఎండ చూస్తే పొయ్యి.

"ఇంత ముతక గుడ్డ ఎవరు కొంటారండీ?" అంది మూతి విరిచి. "నేత కూడా సమంగా లేదు."

ఆయన కత్తెర తీసి, బల్ల మీద బట్ట పరిచి, ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"బాల్కనీ అడ్డం కొలత మీకు తెలుసుగా, ఆ రోజు చూశారు" అంది ఆమె. "కింద అంచు కుట్టించి ఇవ్వండి. వంకరగా కుట్టారో, ఇదే బోర్డు కింద నిలబడి అందరికీ చెబుతాను."